వేవిళ్ల నుంచి నొప్పుల దాకా: మా చిత్తూరు వైపు అవ్వల మాటలు

తిరగబాత వాసనకు కొత్త కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తిందంటే చాలు, సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయేది. పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. "ఏమ్మే, నీళ్లోసుకున్నావా?" అని పక్కింటి అవ్వ అడిగే మాటే రిపోర్టు. ఎనభైల్లో, తొంభైల్లో చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు వైపు పెరిగినవాళ్లకు ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉంటుంది. అక్కడి నుంచి తొమ్మిది నెలలూ ఆ పిల్ల ఒంట్లో ఏ మార్పు వచ్చినా, దానికొక పేరూ ఒక చిట్కా వీధిలో ఎవరో ఒకరి దగ్గర సిద్ధంగా ఉండేవి.

వాటిలో చాలావాటిని ఈనాటి డాక్టర్లు కూడా కాదనరు. వాళ్లు చెప్పే కారణం వేరే, అంతే. కొన్ని మాత్రం తలుచుకుని మురిసిపోవాల్సినవి కావు. వాటిని మామూలే అనుకుని వదిలేసినందువల్ల తల్లులు పోయారు. ఏది ఏ కోవకు చెందుతుందో విడదీసి చెప్పుకోవడం మంచిది.

ముందు వేవిళ్లు. మసక అని కూడా అనేవాళ్లు. చివరిసారి ముట్టు వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఆరో వారం ప్రాంతంలో మొదలవుతాయి. తొమ్మిదో వారం అటూ ఇటూగా బాగా ముదిరి, నాలుగో నెల నడిచేసరికి చాలామందికి తగ్గుతాయి. పొద్దున పూటే వస్తాయన్నది ఉత్త మాట, రోజంతా ఉండేవాళ్లే ఎక్కువ. ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. అందుకే తలగడ పక్కన చిన్న డబ్బాలో బొరుగులు పెట్టుకోమనేవాళ్లు. లేవకముందే గుప్పెడు నమిలి, పావుగంట అట్లాగే పడుకుని, ఆ తర్వాత మెల్లగా పక్కకు తిరిగి లేవాలి. ఇప్పుడు బొరుగుల బదులు బిస్కెట్ చెబుతున్నారు, పద్ధతి అదే. మూడు పూటలు నిండా తినడం మాని రెండు గంటలకోసారి రొంత రొంత తినాలి. నీళ్లు అన్నంతో పాటు కాకుండా మధ్యమధ్యలో గుక్క గుక్కగా తాగాలి.

వేడివేడి అన్నం ఆవిరి ముక్కుకు తగిలితేనే డోకు వచ్చే పిల్లలకు సద్దిసంగటి ఎందుకు సయించేదో ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. చల్లటి తిండికి వాసన తక్కువ. రాత్రి మిగిలిన రాగిసంగటి ముద్దలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే పలచటి మజ్జిగ, ఉప్పు వేసి పిసికి, ఎర్రగడ్డ నంజుకుని తాగితే కడుపులో నిలిచేది. నీళ్లూ ఉప్పూ తిండీ మూడూ ఒకే చెంబులో దొరికేవి. శుభ్రమైన నీళ్లు, మూత ఉన్న గిన్నె, ఈ రెండూ మాత్రం తప్పనిసరి. అల్లం ముక్క బుగ్గన పెట్టుకోవడం కూడా మంచి చిట్కానే. వీటన్నిటికంటే బాగా పనిచేసేది ఇంకొకటి ఉంది: ఆ పిల్ల బదులు ఇంకొకరు వంట చేయడం. అది పుట్టింట్లో తప్ప ఎక్కువ ఇళ్లలో జరిగేది కాదు.

చిట్కాలకు లొంగని వాంతులకు బి6 విటమిన్, డాక్సిలమిన్ కలిసిన మాత్ర డాక్టర్లు రాస్తారు, దానికి భయపడక్కర్లేదు. ఒక రోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొంచెమే వస్తున్నా, బరువు నూటికి ఐదు వంతులు తగ్గినా ఇంట్లో ఉండకూడదు. యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే ఆ లెక్కకు వచ్చినట్టే. సెలైన్ ఎక్కించాలి. అప్పట్లో ఇట్లాంటివాళ్లకు దిష్టి తీసి, తాయెత్తు కట్టి కూర్చోబెట్టేవాళ్లు.

పులుపు సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. చింతచిగురు, ఉప్పూ కారం అద్దిన పచ్చి తోతాపురి ముక్క, రేగొడియాలు, నిమ్మకాయ ఊరగాయ. బడికి పోయే పిల్లలు జేబులో సీమచింతకాయలు వేసుకుని వస్తే, వాటిలో సగం "అక్కకు కావాల" అని లాక్కునేవాళ్లు. అడిగినవన్నీ తెచ్చిపెట్టడంలో వీధికి ఎక్కడలేని సంబరం. పులుపు వల్ల చెడేదేమీ లేదు. ఊరగాయలో ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు తగ్గించుకుంటే చాలు.

ఆ సంబరంలోనే ఒక పెద్ద లక్షణం కొట్టుకుపోయేది. బలపాలు, పచ్చి బియ్యం, గోడ మన్ను, విబూది తినాలనిపించడం. తొలి వాన పడ్డాక లేచే మట్టి వాసనకు ప్రాణం లాగేయడం. "కడుపులో బిడ్డ అడగతా ఉండాదిలే" అని నవ్వేసేవాళ్లు. చాలాసార్లు అది ఒంట్లో రక్తం తక్కువైందని చెప్పే గుర్తు. నెలలు నిండేకొద్దీ తల్లి ఒంట్లో రక్తం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అందులో నీటి భాగం పెరిగినంత వేగంగా ఎర్ర కణాలు పెరగవు, అవి పెరగడానికి ఇనుము కావాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రం. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉండటం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, ఎప్పుడూ నిద్ర మత్తు దీని గుర్తులు. మన్ను తింటే నులిపురుగులు కూడా వస్తాయి. ఉన్న రక్తాన్ని వాటిలో కొన్ని తాగుతాయి. అందుకే నాలుగో నెల దాటాక అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేస్తారు.

నర్సమ్మ ఇచ్చే ఇనుము మాత్రలు ఎన్ని ఇళ్లలో దూలం మీద, బియ్యం డబ్బా వెనక దొరికేవో! బిడ్డ నల్లగా పుడుతుందని ఒక భయం, బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని ఇంకో భయం. రెండూ నిజం కాదు. మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తారు. నాలుగో నెల నుంచి రోజుకొక మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కనీసం 180 రోజులు వేసుకోవాలి, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. తప్పు జరిగేది ఎక్కువగా కాఫీ దగ్గర. మా వైపు పొద్దున కాఫీ పడందే పొద్దు గడవదు. ఆ కాఫీతో పాటే మాత్ర మింగితే ఇనుము ఒంటికి పట్టదు. కాఫీకీ మాత్రకూ కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రతో కలిపి కూడా వేసుకోకూడదు. నిమ్మకాయ నీళ్లతోనో, ఉసిరికాయ ముక్కతోనో వేసుకుంటే బాగా పడుతుంది. వికారం పెడుతుంటే రాత్రి తిన్న తర్వాత వేసుకుని పడుకోవచ్చు. విరేచనం నల్లగా వస్తుంది, అది మామూలే. మలబద్ధకం మాత్రం నిజంగానే ఇబ్బంది పెడుతుంది. దానికి నీళ్లు, ఆకుకూర, సంగటి, నడక ఉన్నాయి. ఆముదం తాగించడం మాత్రం వద్దు. తొమ్మిదో నెలలో "కడుపు శుభ్రం కావాల" అని తాగించేవాళ్లు. విరేచనాలు పట్టుకుని మనిషి నీరసించిపోవడం, అకాలంగా నొప్పులు రావడం దాని ఫలితాలు.

తిండి విషయంలో రెండు మాటలు ఒకే ఇంట్లో వినిపించేవి. తల్లి "రెండు ప్రాణాలకు తినాల" అంటుంది, అత్త "బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం, తగ్గించు" అంటుంది. నాలుగో నెల నుంచి అదనంగా కావాల్సింది రోజుకు 350 క్యాలరీలు. గుప్పెడు చెనక్కాయలు, గ్లాసు పాలు, ఒక అరటిపండు కలిస్తే అంత వచ్చేస్తుంది. సంక్రాంతి ముందు వచ్చే అనపకాయలు కూడా మంచివి. గింజగా తింటే గ్యాసు పెడుతుందనుకునేవాళ్లకు పొట్టు తీసిన పితికిపప్పు కొంచెం తేలిగ్గా అరుగుతుంది. కుంకుమపువ్వు వల్ల బిడ్డ రంగు మారదు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోవచ్చు.

ఇక ఒంటేలు మాట. ఆ కాలాన్ని తలుచుకుని ఎంత మురిసినా, ఇక్కడికొచ్చేసరికి గొంతు పడిపోతుంది. తొలి నెలల్లోనే మూత్రపిండాలకు రక్తం ఎక్కువగా పారి మూత్రం పెరుగుతుంది, గర్భసంచి మూత్రాశయం మీద ఒత్తుతుంది. మధ్య నెలల్లో రొంత తెరిపి, బిడ్డ తల కిందికి దిగాక మళ్లీ మొదలు. గంటకోసారి పోవాల్సిన మనిషి, ఊళ్లో ఎక్కడా మరుగు లేక చీకటి పడేదాకా బిగపట్టుకోవాలి. చెరువు గట్టు వెనక, కంపచెట్ల చాటున. దానికి ఆడవాళ్లు కనుక్కున్న ఉపాయం నీళ్లు తాగడం మానేయడం. గంగజాతర నాటి తిరుపతి ఎండల్లో కూడా! మూత్రంలో మంట, చలిజ్వరం, నడుం పక్కన నొప్పి రావడంలో వింతేముంది? ఆ ఇన్ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకముందే కాన్పు రావచ్చు. ఇప్పుడు కూడా బస్సు ప్రయాణమని నీళ్లు మానేసేవాళ్లు ఉన్నారు. రోజుకు ఎనిమిది నుంచి పది గ్లాసులు తాగాలి. మంట ఉంటే మూత్ర పరీక్ష చేయించి, ఇచ్చిన మందు పూర్తిగా వాడాలి. మంట తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతుంది.

నీళ్లు మాన్పించే ఆచారం ఇంకొకటి, గ్రహణం. శ్రీకాళహస్తి గుడి గ్రహణం పూట కూడా తెరిచే ఉంటుంది. అదే వేళ ఊళ్లో కడుపుతో ఉన్న పిల్లను చీకటి గదిలో పెట్టి, గుక్కెడు నీళ్లు ఇవ్వకుండా, కదలొద్దని కూర్చోబెట్టేవాళ్లు. గ్రహణమొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదు. లోపల ఉండటం ఇష్టమైతే ఉండొచ్చు, తిండీ నీళ్లూ మాత్రం ఆపకూడదు.

ఐదో నెలలో కదలిక తెలుస్తుంది. తొలి కాన్పుకు 18 నుంచి 20 వారాల మధ్య, రెండో కాన్పుకు ఇంకా ముందే. నీళ్లలో చేపపిల్ల తిరిగినట్టు ఉంటుందని చెప్పేవాళ్లు, అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. ఏడో నెల దాటాక ఆ కదలికే బిడ్డ క్షేమానికి గుర్తు. తిన్న తర్వాత ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పది చింతగింజలు దగ్గర పెట్టుకోవాలి. ఒక్కో కదలికకు ఒక్కో గింజ పక్కకు జరపాలి. రెండు గంటల్లో పది గింజలూ జరగకపోయినా, రోజూ ఉండే కదలిక తగ్గినట్టు అనిపించినా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. "నెలలు నిండినాయి గదా, బిడ్డకు చోటు లేక కదల్లేదులే" అన్న మాట అబద్ధం. కదలిక తీరు మారొచ్చు, తగ్గిపోకూడదు.

ఈ నెలల్లో రాత్రిపూట పిక్కలు పట్టేస్తాయి. నిద్రలో కాలు చాపి బొటనవేలు ముందుకు సాగదీసినప్పుడే ఎక్కువగా పట్టేది. అప్పుడు మోకాలు నిటారుగా ఉంచి, పాదాన్ని మొహం వైపు లాగాలి. భర్త పక్కనుంటే అరచేత్తో పాదం అడుగును పైకి నెట్టి అర నిమిషం అట్లాగే పట్టుకుంటే పట్టు వదులుతుంది. తర్వాత లేచి నాలుగడుగులు నడవాలి. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా నొప్పిగా ఉంటే అది వేరే, రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. అప్పుడు పిక్క రుద్దకూడదు.

గుండెల్లో మంటకు కారణం అన్నకోశం పైన ఉండే కవాటం హార్మోన్ల వల్ల వదులు కావడం. తిన్న రెండు గంటలదాకా పడుకోకూడదు. మంచం తలవైపు కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెడితే రాత్రి తేడా తెలుస్తుంది. మొహాన మంగు, పొట్ట మీద నల్ల గీత వస్తాయి, పోతాయి. దురద మాత్రం గమనించాలి: పొట్ట చర్మం సాగి దురద పెట్టడం మామూలే. దద్దు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే కాలేయ పరీక్ష చేయించాలి.

మనసు సంగతి ఇక. "ఊరికే ఏడుపొస్తా ఉండాది" అని ఎంతమంది చెప్పుకున్నారో! మొదటి మూడు నెలల్లో హార్మోన్లు, నీరసం, వాంతులు. చివరి నెలల్లో నిద్రలేమి, కాన్పు భయం. ఉన్నట్టుండి కోపం, అంతలోనే ఏడుపు, పీడకలలు, భర్త మీద విసుగు, అన్నీ సహజమే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో చేసే సీమంతంలో ముత్తైదువలు మోచేతి దాకా గాజులు తొడిగి, చింతపండు పులిహోర, నిమ్మకాయ చిత్రాన్నం, కొబ్బరన్నం, పెరుగన్నం కలిపి పెట్టి, పుట్టింటికి పంపేవాళ్లు. పేరు ఏదైనా, అది ఆ పిల్లను పనిలో నుంచి తప్పించి తల్లి దగ్గరికి చేర్చే ఏర్పాటు. నిద్రపోయే వీలు, తల దువ్వే చెయ్యి, "నాకూ అట్లే అయిందిలే" అనే మనిషి. ఇంతకు మించిన మనసు వైద్యం ఆ రోజుల్లో ఏముంది?

అదే వీధిలోనే "పొట్ట కిందికుండాది, మగబిడ్డే" అని ఒకరు, "మొకం కళగా ఉండాది, ఆడపిల్లే" అని ఇంకొకరు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి కడుపుతో ఉన్న తల్లికి ఆ మాటలు నిద్ర పట్టనిచ్చేవా? పొట్ట ఆకారానికీ బిడ్డకూ సంబంధం లేదు. స్కానింగ్ చేసి ఆడా మగా చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఏడుపు, దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటే, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోతే, తిండీ నిద్రా పూర్తిగా పోతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, "కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే" అని వదలకూడదు. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. కడుపుతో ఉన్నప్పుడు వాడదగిన మందులు కూడా ఉన్నాయి.

మామూలే అనుకుని వదిలేసినవాటిలో ఎన్నో ప్రాణాలు తీసింది వాపు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, పొద్దునకు తగ్గితే భయం లేదు. ముంగాలి ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి తీస్తే గుంట పడి, అది పొద్దున లేచేసరికి కూడా తగ్గకపోతే, చేతి ఉంగరం బిగుసుకుంటే, కళ్ల కింద మొహం ఉబ్బితే లెక్క మారుతుంది. అవ్వలు బార్లీ నీళ్లు తాగించి, ఉప్పు మాన్పించేవాళ్లు. ఈ వాపు వెనకున్న జబ్బు ఉప్పు మానితే ఆగదు. బీపీ చూడాలి. ఐదో నెల దాటాక 140/90 కానీ, అంతకు మించి కానీ ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది ప్రమాదానికి ముందు మెట్టు. వాపు లేకుండానే బీపీ పెరిగేవాళ్లూ ఉన్నారు కాబట్టి ప్రతి చెకప్‌లో పట్టీ కట్టించుకోవాలి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చాయంటే గంటలు కూడా ఆగకూడదు. ఆ తర్వాత వచ్చేది గుర్రపువాతం, అంటే ఫిట్స్. దాన్ని గాలి సోకిందని వేపమండలతో కొట్టిన ఊళ్లున్నాయి. దానికి మెగ్నీషియం సల్ఫేట్ సూది ఉంది, ఎన్నో ఏళ్లుగా ఉంది. కాల్షియం తక్కువ తినేవాళ్లకు ఈ జబ్బు ముప్పు ఎక్కువ. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. సంగటి మానేసి అన్నం మీద పడిన ఇళ్లు ఇది గుర్తుపెట్టుకోవచ్చు. సంగటి తింటున్నా మాత్రలు మానకూడదు.

కాన్పు కష్టమైతే ఎడ్లబండి మీద రాయవేలూరు పోయినవాళ్ల కథలు చిత్తూరు వైపు పాత ఇళ్లలో ఇంకా చెబుతారు. అక్కడి సీఎంసీ పెద్దాసుపత్రి పుట్టుకే కాన్పు మరణాల నుంచి. మగ డాక్టరును లోపలికి రానిచ్చేది లేదని ఇంటివాళ్లు పట్టుబట్టినందున ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టంలో పోవడం చూసి, ఐడా స్కడర్ అనే అమ్మాయి డాక్టరు చదివి వచ్చి, 1900లో అక్కడ ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఇప్పుడు తిరుపతిలోనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

చివరి నెలలో దొంగ నొప్పులు వస్తాయి. పొట్ట గట్టిపడి వదులుతుంది, లెక్కాపత్రం ఉండదు, నడిచినా నీళ్లు తాగి పడుకున్నా తగ్గిపోతాయి. అసలు నొప్పి నడుంలో మొదలై ముందుకు వస్తుంది, ఎడం తగ్గుతూ బలం పెరుగుతుంది. ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం చొప్పున, గంటసేపు వస్తే బయల్దేరాలి. ఆసుపత్రికి దూరంగా ఉన్న పల్లెలవాళ్లు, రెండో కాన్పువాళ్లు అంతదాకా కూడా ఆగకూడదు. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా పోవాల్సిందే, పచ్చగా పోతే ఇంకా త్వరగా. నెత్తురు పడితే ఏ నెలైనా సరే 108కి ఫోన్ చేయాలి. సంచిలో తల్లీబిడ్డల కార్డు, ఆధార్, స్కానింగ్ కాగితాలు, బ్లడ్ గ్రూప్ రాసిన చీటీ, ఉతికిన మెత్తటి పాత నూలుచీర ముక్కలు నాలుగు ముందే సర్ది పెట్టుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే తల్లినీ బిడ్డనూ ఇంటికి దించడానికి 102 బండి ఉంటుంది. డిశ్చార్జి రాసేటప్పుడే దాన్ని అడిగి చెప్పించుకోవాలి.